వైద్య ఆరోగ్య శాఖ ముఖ్య కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. సోమవారం హాజరు పిలిచేటప్పుడు తూలిపడే పిల్లలు కొందరు ఉండేవారు. రాత్రంతా తండ్రి తాగి చేసిన రభస వాళ్ల కళ్లలో కనబడేది. వారిలో ఒకడు పదో తరగతిలోనే సీసా పట్టాడు. ‘తండ్రి పోలికే’ అని ఊరు తేల్చేసింది. నేనూ తలూపాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఊరి మాటలో సగం నిజముంది. మద్యానికి బానిసయ్యే ముప్పులో దాదాపు సగానికి వారసత్వమే కారణమని కవలలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మిగతా సగం సంగతి? 1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా అనే వైద్యుల బృందం ప్రచురించిన అధ్యయనం చూడండి. బాల్యంలో హింస, ఇంట్లో తాగుడు, తల్లిపై దాడి వంటి అనుభవాలు నాలుగు రకాలు లేదా అంతకు మించి ఎదుర్కొన్నవారికి, అవేవీ ఎదుర్కోనివారితో పోలిస్తే, తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నాల ముప్పు 4 నుంచి 12 రెట్లు పెరిగింది.

జన్యువులను మార్చలేం. ఆ పిల్లవాడి రాత్రులను మార్చగలం.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాపై తిరగబడినది తమ ఇళ్ల కోసమే. మనం మాత్రం ఇంకా దుకాణాలు, లైసెన్సుల లెక్కల్లోనే ఉన్నాం. డీ అడిక్షన్ కేంద్రంలో తండ్రిని చేర్చుకునేటప్పుడు ‘ఇంట్లో పిల్లలెందరు, ఎలా ఉన్నారు?’ అనే ప్రశ్న తప్పనిసరి చేయండి. ఖరీదైన జన్యు పరీక్షలు అక్కర్లేదు, కుటుంబ చరిత్ర అడిగితే చాలు. ఆ పిల్లల దగ్గరకు నెలకొకసారైనా కౌన్సెలర్‌ను పంపండి. మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ 14416, పిల్లల సహాయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లను ప్రతి బడి గోడపైనా రాయించండి. రంగు ఖర్చు నేనే భరిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ ఉపాధ్యాయురాలు