కాపలా గేటు దగ్గరే ఆగిపోతే ఎలా?
ముంబైలో మిగిలిన కొద్దిమంది యూదులకు భద్రత సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గేటు దగ్గరే ఆగిపోతోంది, ఇళ్ల దాకా రావడం లేదు. 2008 నవంబరులో కొలాబాలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్‌లో ఉగ్రవాదులు ఆరుగురిని చంపారు. ఆ భయం ఇంకా పోలేదు కాబట్టి బైకుల్లాలో 1864 నాటి మాగెన్ డేవిడ్ సినగాగ్ ముందు పోలీసులు ఉండటం మంచిదే. కానీ మా పై అంతస్తులో ఒంటరిగా ఉండే యూదు ఆంటీ సంగతేంటి? పిల్లలు ఇజ్రాయెల్‌లో ఉన్నారు. అక్కడ యుద్ధం అని టీవీలో వస్తే చాలు, ఆమెకు టెన్షన్. తలుపు గొలుసు తియ్యకుండా పాలవాడికి సందులోంచే డబ్బులిస్తుంది. మొన్న బాత్‌రూమ్‌లో జారిపడి, ఫోన్ చేతిలోనే ఉన్నా ఎవరికి చెయ్యాలో తోచక గంటసేపు నేల మీదే ఉండిపోయింది. అత్యవసర సాయానికి 112, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబర్లు నేనే పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఇలాంటి ఒంటరి వృద్ధుల ఇళ్లకు వారానికోసారి బీటు కానిస్టేబుల్ వెళ్లి పలకరించాలి. సినగాగ్ కమిటీలు, హౌసింగ్ సొసైటీలు కలిసి ఈ నంబర్లు, దగ్గరి స్టేషన్ నంబరు ఉన్న కాగితం మరాఠీ, ఇంగ్లీషుల్లో ప్రతి ఇంటికీ ఇవ్వాలి. ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్లమూ ఉన్నాం. రోజుకోసారి ఆ తలుపు తట్టే పని మనమూ పంచుకుందాం.
— ఒక పాఠకురాలు, బైకుల్లా, ముంబై