ముసలి కుక్కను తూచే కాటా ఒకటి పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా వీధిలో అద్దెకుండినవాళ్లు పోయినేడాది బెంగళూరుకు ఇల్లు మారుతూ, "అపార్ట్‌మెంట్లో కుదరదంట అంకుల్, ఎవరికన్నా ఇచ్చేయండి" అని తమ లాబ్రడార్‌ను మా గేటుకు కట్టేసి పోయారు. ఆడకుక్క, తొమ్మిదేళ్లు. నాలుగు మెట్లెక్కితే రొప్పుతూ కూలబడేది, చెవుల నిండా పిడుదులు, గోళ్లు వంకర తిరిగి నున్నటి బండల మీద కాళ్లు జారిపోయేవి. చూసినోళ్లంతా "ఈ ముసిల్దాన్ని యాడ పెట్టుకుంటావు సార్" అన్నవాళ్లే.

డాక్టరు రక్తం పరీక్ష చేయించి పిడుదుల జ్వరం ఉందని నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది, అసలు జబ్బు లావే, ముందు బరువు చూడాలన్నారు. చూద్దామంటే ఆ క్లినిక్‌లో కాటా లేదు! చివరికి బియ్యం కొట్టుకు తీసుకుపోయి బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాం. 44 కిలోలు. ఆడ లాబ్రడార్ 25 నుంచి 32 కిలోల మధ్య ఉండాలట.

తప్పు కుక్కది కాదు. ఈ జాతిలో సుమారు నాలుగింట ఒకదానికి ఎంత తిన్నా ఆకలి తీరనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనిపెట్టారు. మనమేమో అది చూసే చూపుకు కరిగిపోయి బిస్కట్లు, నెయ్యన్నం, మిగిలిన కూర పెడతాం. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదేది? అవి కుక్క రక్తంలో ఎర్రకణాలను దెబ్బతీస్తాయని నాకూ అప్పుడే తెలిసింది. కాళ్లనొప్పులని మనం మింగే మాత్రలు కూడా వేయకూడదు, కిడ్నీలు పోతాయి.

ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్, గుమ్మడికాయ, బీన్స్, కొద్దిగా అన్నం, అంతా గ్లాసుతో కొలిచి పెట్టాం. మొదటి పది రోజులు అది ఏడ్చిన ఏడుపుకు మా ఆవిడ నాతో మాటలు మానేసింది. బండల మీద గోనెసంచులు పరిచాం, గోళ్లు తీయించాం. నడక మొదట వీధి చివర వేపచెట్టు దాకా ఐదు నిమిషాలే. కడప ఎండ సంగతి మీకు చెప్పాలా, మార్చి నుంచి తెల్లారి ఐదున్నరకే బయల్దేరాలి, చేతి వెనకవైపు రోడ్డుకు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద దాన్ని నడిపించకూడదు. వారానికి అరకిలోకు మించి తగ్గించొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. పది నెలలకు 32 కిలోలకు వచ్చింది, ఇప్పుడు దేవునికడప చెరువు దాకా ఆగకుండా నడుస్తుంది. దాంతో పాటు నడిచిన నేను మాత్రం రెండు కిలోలు కూడా తగ్గలేదు, అది వేరే కథ.

కుక్కల్ని చూసే ప్రతి పశువైద్యశాలలో, క్లినిక్‌లో నేలమీద పెట్టే కాటా ఒకటి ఉండేలా అధికారులు చూడాలి. బరువు తెలియకుండా మందు డోసు ఎట్లా లెక్కేస్తారు? అలాగే ఇల్లు మారేవాళ్లు ముసలి కుక్కల్ని చెరువు కట్టల మీద వదిలేయకుండా, తీసుకునేవాళ్ల కోసం కార్పొరేషన్ ఒక జాబితా పెట్టినా చాలు.

ఇన్నిసార్లు తూచినా ఆ బియ్యం కొట్టాయన పైసా తీసుకోలేదు. కాకపోతే మేం కాటా దిగగానే దాని నోట్లో ఒక బిస్కట్ పెట్టడం మాత్రం మానడం లేదు.

- ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లి, కడప