టిబెట్‌లో మన పోస్టాఫీసులు: అప్పగించడం తప్పు కాదు

సంపాదకుడు గారికి,

టిబెట్ విషయమై 1954లో భారత్, చైనాలు చేసుకున్న పంచశీల ఒప్పందం మాట ఎత్తితే చాలు, 'టిబెట్‌లోని మన పోస్టాఫీసుల్ని కూడా నెహ్రూ చైనాకు ధారపోశారు' అనేవాళ్లు చాలామంది. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన మనిషిగా ఈ విమర్శ నాకు బాధ కలిగిస్తోంది.

ఆ పోస్టాఫీసులు అక్కడికి ఎలా వచ్చాయి? 1903-04లో బ్రిటిష్ అధికారి యంగ్‌హజ్‌బండ్ సేన టిబెట్‌లో చొరబడింది. దాని వెంట వెళ్లిన తపాలా, తంతి ఏర్పాట్లు తర్వాత కూడా అక్కడే ఉండిపోయాయి. గ్యాంట్సే, ఫారీ, యాతుంగ్‌లలో భారత స్టాంపులే చెల్లేవి. టిబెట్‌కు సొంత స్టాంపులున్నా ప్రపంచ తపాలా సంఘంలో సభ్యత్వం లేదు. అందుకే లాసా నుంచి విదేశానికి ఉత్తరం పోవాలంటే మన స్టాంపూ అంటించాల్సి వచ్చేది. జనానికి అది సౌకర్యమే, కాదనను. అయినా దండెత్తి వెళ్లిన బ్రిటిష్‌వాళ్లు వదిలిపోయిన హక్కును స్వతంత్ర భారతం పట్టుకుని కూర్చోవడం న్యాయం కాదు.

చైనా ఇలాంటి అవమానం ఎప్పటినుంచో పడింది. బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్, అమెరికా ఆ దేశంలో సొంత పోస్టాఫీసులు నడిపాయి. 1921-22 వాషింగ్టన్ సదస్సులో చైనా పట్టుబట్టి, 1923 జనవరి 1 లోగా వాటిని మూసేసేలా ఆ నాలుగు దేశాలనూ ఒప్పించింది. భారత ప్రతినిధిగా వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి ఆ సదస్సుకు వెళ్లారు. అయితే ఆ దేశాలు ఊరికే ఒప్పుకోలేదు. చైనా తపాలా సమర్థంగా నడవాలనీ, దాని పైస్థాయిలో ఉన్న విదేశీ అధికారి హోదా మార్చకూడదనీ షరతులు పెట్టాయి.

ఇచ్చేటప్పుడు మనకు కావాల్సింది అడగకపోవడమే మన లోపం. 1953 డిసెంబరు 31న బీజింగ్‌లో మొదలైన పంచశీల ఒప్పందం చర్చలు 1954 ఏప్రిల్ 29న సంతకాలతో ముగిశాయి. యాతుంగ్, గ్యాంట్సేలలోని మన సైనికులను వెనక్కి పిలుస్తామన్నాం. తపాలా, తంతి, టెలిఫోన్లతో పాటు 12 విశ్రాంతి గృహాలనూ తగిన ధరకు అప్పగిస్తామన్నాం. ఇంత ఇస్తూ సరిహద్దు విషయం మాత్రం తేల్చుకోలేదు. టిబెటన్ల మాట ఎవరూ అడగలేదు, అది ఇంకా పెద్ద అన్యాయం. 8 ఏళ్ల గడువున్న ఆ ఒప్పందం 1962 జూన్‌లో ముగిసింది. అక్టోబరులో యుద్ధం వచ్చింది.

నిలదీయాల్సింది సరిహద్దు గురించి మౌనంగా ఉండటాన్ని. ఆ ఒప్పందంతో పాటు ఇరుపక్షాలూ మార్చుకున్న నోట్స్‌లోనే (అధికారిక లేఖల్లోనే) పోస్టాఫీసుల సంగతి ఉంది. దయచేసి వాటిని పూర్తిగా తెలుగులో మీ పత్రికలో ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
రాజమహేంద్రవరం