తాటిపూడిలో మా అబ్బాయికి పడవ నేర్పిన వారికి

మా అబ్బాయికి పదహారేళ్లు. ఆటిజం ఉంది. ఈ వేసవిలో తాటిపూడి జలాశయంలో వాడికి కయాక్ నడపడం నేర్పిన మాస్టారికి, ఆయన వెంట ఉన్న కుర్రవాళ్లకు విజయనగరం నుంచి ఒక తల్లిగా నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

నీళ్లంటే వాడికి చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది ప్రమాదం తెలియక, ఎవరికీ చెప్పకుండా నీటి వైపు వెళ్లిపోతుంటారు. అందుకే నీట మునిగే ముప్పు వారికి తోటి పిల్లలకంటే ఎక్కువ. పెద్ద చెరువు గట్టు మీద వాడిని వెతుక్కుంటూ పరుగెత్తిన సాయంత్రాలు నాకు ఉన్నాయి. ఈత నేర్పిద్దామని వెళ్లిన ఒకచోట "ఇలాంటి పిల్లల్ని చేర్చుకోమండీ" అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం కూడా ఉందని చెప్పి, సర్టిఫికెట్ చూపించినా ప్రయోజనం లేకపోయింది.

మాస్టారు మాత్రం ముందుగా "బాబుకి ఏ చప్పుడు పడదమ్మా?" అని అడిగారు. ఈల అన్నాను. మర్నాటి నుంచి ఈల ఆపదకే పరిమితమై ఆయన మెడలో ఉండిపోయింది. ఆగమనడానికి పసుపు గుడ్డ ఎత్తేవారు. ఒంటికి బిగుతుగా ఏది తగిలినా వాడు ఓర్చుకోలేడు కనుక, లైఫ్ జాకెట్‌ను రెండు వారాల ముందే మా ఇంటికి పంపారు. మొదట అయిదు నిమిషాలు, తరువాత అన్నం తినేటంత సేపు, చివరికి విప్పమన్నా విప్పలేదు.

మూడో రోజు నీటి మీద "తెడ్డు కాసేపు వదిలెయ్ నాన్నా" అన్నారు. వాడు వదిలేశాడు, నీళ్లలోకే. కుర్రవాళ్లు నవ్వబోతే మాస్టారు వారించి, తేలిపోతున్న తెడ్డును తానే ఈది తెచ్చి, "తప్పు నాదే, ఒళ్లో పెట్టుకో అనాల్సింది" అన్నారు. వాడు మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటాడని ఇన్నేళ్లుగా ఎందరికో చెప్పి అలసిపోయాను. ఆయన ఒక్క తెడ్డుతో గ్రహించారు. ఆ తరువాత ఒడ్డున "లేవొద్దు" అనే మాట పోయి, "కూర్చో" అనే మాట వచ్చింది.

మాస్టారూ, జాకెట్ ఉతికి ఆరవేశాను, ఆదివారం తెచ్చి ఇస్తాను. వాడి కోసం మీరు గీసిన బొమ్మల కార్డులు మీ దగ్గరే ఉంచండి. గంట్యాడ నుంచి మరో తల్లి ఫోన్ చేసింది. వాళ్ల అమ్మాయికీ ఈల పడదట.