నెట్‌ఫ్లిక్స్‌లో కొత్తవి మనకు ఎన్నింటికి వస్తాయంటే

అందరికీ నమస్కారం. “ఈరోజే డేటు, ఇంకా రాలేదేంటి” అని పొద్దున్నే మెసేజ్‌లు వస్తున్నాయి కాబట్టి ఒకసారి చదవండి.

నెట్‌ఫ్లిక్స్ సొంత సిరీస్‌లు ఎక్కువగా కాలిఫోర్నియా అర్ధరాత్రి లెక్కన విడుదలవుతాయి. అంటే మనకు మధ్యాహ్నం 12:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 1:30. పిల్లల్ని ఏడింటికే లేపి టీవీ ముందు కూర్చోబెట్టినా ఏమీ ఉండదు. థియేటర్లలో ఆడిన తెలుగు సినిమాలు మాత్రం మామూలుగా మన అర్ధరాత్రికే వచ్చేస్తాయి.

టైమ్ దాటినా కనపడలేదా? యాప్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అయినా లేకపోతే ఏ ప్రొఫైల్‌లో ఉన్నారో చూడండి, చాలాసార్లు తేడా అక్కడే. వయసు పరిమితి యూ/ఏ 7+ (ఏడేళ్లు దాటినవాళ్లకు) అని పెట్టిన ప్రొఫైల్‌లో 13+ సినిమా ఎంత వెతికినా దొరకదు.

తెలుగు డబ్బింగ్ ఉన్నా ఆడియో జాబితాలో కనపడకపోతే, బ్రౌజర్‌లో అకౌంట్ తెరిచి ప్రొఫైల్ భాషల్లో తెలుగుకు టిక్ పెట్టండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు: అకౌంట్ ఇక్కడిదైనా అక్కడ కనపడేది అక్కడి జాబితానే. ఇక్కడున్న సినిమా అక్కడ లేకపోవచ్చు.

ఊరెళ్లేముందు డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు వివరాల పేజీలో “చివరి రోజు” అని ఉందేమో చూసుకోండి. ఆ తేదీ దాటితే ఫోన్‌లో ఉన్నా ఆడదు.