మా జిరాక్స్ అన్నకి, ఇంకా కొందరికి కృతజ్ఞతలు

ఈ సోమవారం మావాడు బడికి పోయాడు. దసరా సెలవుల ఆఖర్లో తొడ ఎముక విరిగితే, మళ్ళీ 11 వారాలకి, చంకకర్రలతో. వాణ్ని గేటు దగ్గర దింపొచ్చి ఇది రాస్తున్నా. వంటింట్లో గిన్నెలు అట్టానే ఉన్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా అమ్మ, మా ఆయన, మా ఆడపడుచు ఎంత చేశారో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

చెప్పుకోవాల్సింది జిరాక్స్ అన్న గురించి. నెల్లూరులో అయ్యప్పగుడి సెంటర్ నుంచి వేదాయపాళెం లోపలికొచ్చే సందులో చిన్న కొట్టు. పేరు రాయొద్దన్నాడు, రాయను. అక్టోబర్ దాకా ఆయనెవరో నాకు తెలీదు, నేనెవరో ఆయనకి తెలీదు.

రెండో వారం నుంచి బడి వాళ్ళు లింకు పంపారు. పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా క్లాసులో ఒక మూల ఫోన్ పెట్టి వదిలేస్తారు. బోర్డు కనపడదు, ఫ్యాను చప్పుడు మాత్రం బాగా వినపడుద్ది. ఆరో తరగతి పిల్లోడు ఎంతసేపు చూస్తాడు? మూడో రోజు కెమెరా ఆపేశాడు, నాలుగో రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను టీచర్ని కదా, తెలివితేటలు ఎక్కువ. వర్క్‌షీట్లు 42 పేజీలు పోగేసి ప్రింటుకి తీసుకుపోయాను. అన్న పేజీలు లెక్కబెట్టి, "ఇయ్యన్నీ ఎన్ని రోజులకక్కా?" అన్నాడు. రెండు రోజులకన్నా. మిషన్ ఆపేశాడు. "ఇంత కట్ట చూస్తే నాకే జొరమొస్తది. ఆరు తీసిస్తా, పోండి."

మర్నాడు వాడు రాసినవి కాపీ తీయించడానికి పోతే, కాయితం ట్యూబులైటు కింద పెట్టి చూసి అడిగాడు: "బాబు వెల్లకిలా పడుకుని రాస్తున్నాడాక్కా?" ఎట్టా తెలిసిందన్నా. ప్రతి లైన్లో మొదటి రెండు మాటలు ముదురుగా ఉన్నాయి, తర్వాత అక్షరాలు తెగిపోయి గీతలు మాత్రం మిగిలాయి. బాల్‌పెన్ మొన పైకి పెట్టి రాస్తే ఇంకు కిందికి దిగదు. వాడు గట్టిగా నొక్కి నొక్కి రాశాడు, కాయితం వెనక గరుగ్గా లేచింది. నేను దాన్ని అశ్రద్ధ అనుకుని అరిచాను. అన్న సొరుగులోంచి మెత్తటి పెన్సిళ్ళు నాలుగు తీసిచ్చి, "అట్ట కింద దిండు పెట్టండి, నిలువుగా కాదు, ఏటవాలుగా" అన్నాడు. వాణ్ని ఒక్కసారీ చూడకుండా, కాయితం చూసి కనిపెట్టాడు మనిషి. కొట్టు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను, ఎవరన్నా చూసుంటే క్షమించండి.

ఆ రోజు నుంచి ఆయన నడిపింది పోస్టాఫీసే. ఎట్టా నడిచిందో వివరంగా రాస్తాను, ఇంట్లో పిల్లలతో అవస్థ పడేవాళ్ళకి పనికొస్తుంది.

రోజుకి ఒక కవరు, అందులో 6 కాయితాలు. లెక్కలు 2, తెలుగు, ఇంగ్లీషు, సైన్సు తలా ఒకటి, ఆరోది వాడి ఇష్టం, ఖాళీ కాయితం. ఒక్కవైపే ప్రింటు, అక్షరాలు 16 సైజు, ప్రతి ప్రశ్న కింద నాలుగు వేళ్ళ జాగా. కవరు మీద తేదీ వేయలేదు, నంబరే వేశాడు. నేను తేదీ వేయబోతే ఆపాడు. తేదీ ఉంటే రెండు రోజులు మానేసిన పిల్లోడికి అది బాకీలాగా కనిపిస్తుంది, బాకీ పెరిగే కొద్దీ ముట్టుకోడు. నంబరుకి ఆ బాధ లేదు. 14 తర్వాత 15, ఎప్పుడు రాసినా 15.

రాత్రి ఏడున్నరకి కొట్టు కట్టేసి ఇంటికి పోతా కవరు ఇచ్చేవాడు, రాసినవి తీసుకునేవాడు. పొద్దున మావాడి క్లాసు పిల్లోడు సైకిల్ మీద ఆ కొట్టు ముందు నుంచే పోతాడు, వాడి చేతికిస్తే లెక్కల సారుకి చేరేది. దిద్దినవి సాయంత్రానికి అదే దారిన కొట్టుకొచ్చేవి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పాఠం పిల్లోడికి చేర్చడానికి మనం లింకులు, యాప్‌లు అని తంటాలు పడతాం. పిల్లోడు చేసింది ఇంకొకరికి చేరి, దిద్దిన గుర్తుతో మర్నాడే తిరిగి రావాలి. వారానికి వస్తే ఆ లెక్క చేసిన సంగతే వాడికి గుర్తుండదు. లింకులో వీడు ఏం చేసినా అడిగే నాథుడు లేడు, అందుకే గోడవైపు తిరిగాడు. ఎర్ర టిక్కు చూసిన రోజు వాడే దిండు సర్దమన్నాడు.

ప్రింటుకి కాయితానికి 2 రూపాయలు లెక్కగా తీసుకున్నాడు. మోసుకొచ్చినందుకు మాత్రం ఒక్క కాఫీ కూడా తాగలేదు. నవంబర్ వానల్లో కవర్ని పాల ప్యాకెట్‌లో చుట్టి తెచ్చేవాడు. కరెంటు, నెట్టు రెండూ పోయిన రోజు కూడా కవరు వచ్చింది.

కవరు 23 రోజు వాడు ఏమీ రాయలేదు. కాలు నొప్పి, ఎవరితోనూ మాటల్లేవు. ఈ రోజు ఏమీ లేదన్నా అని గుమ్మంలోనే చెప్పాను. "ఖాళీ కవరే ఇయ్యక్కా" అన్నాడు. పొడుగు నోటు పుస్తకం తీసి గుమ్మంలో నిలబడే రాశాడు: కవరు 23, కాయితాలు 0, అందింది. రసీదు చింపి లోపలికి పంపాడు. మావాడు దాన్ని రెండుసార్లు చదివి, "మామ తిట్టలేదా?" అన్నాడు. కవరు 24లో ఆరుకి ఆరూ రాశాడు.

మేం చెడగొట్టినవీ చెప్పాలి. రోజూ యూనిఫాం చొక్కా వేస్తే బడి వాతావరణం వస్తుందనుకున్నా. రెండో రోజే ఏడ్చాడు, వాడికది పోలేని బడిని గుర్తుచేసింది. స్నానం, ఉతికిన చొక్కా చాలు. షీటుకో చాక్లెట్ పెడితే నాలుగు రోజులు నడిచింది, ఐదో రోజు "లెక్కలకి రెండు" అని బేరం పెట్టాడు. దాని బదులు ఐదు లెక్కలిచ్చి ఏవన్నా మూడు ఎంచుకోమంటే బేరాలు పోయాయి. కూర్చునేది పొద్దున 25 నిమిషాలు, సాయంత్రం 25. మొదట వాడికి వచ్చిన లెక్కే. ఆపేటప్పుడు తర్వాతి లెక్క మొదటి లైను రాయించి ఆపాలి, మర్నాడు మొదలుపెట్టడానికి మొరాయించడు.

"ఎలా ఉందిరా?" అంటే పిల్లలు "బాగుంది" అనే చెప్తారు. చింతగింజల డబ్బా, ఒక గిన్నె పక్కన పెట్టాం. మనసు బాగుంటే 5 గింజలు, బాగాలేకపోతే 1. మాటలక్కర్లేదు. ఒకటి వేసిన రోజు ఎందుకని అడగొద్దు, పక్కన కూర్చుని గింజలు కొట్టుకున్నా చాలు, అరగంటకి వాళ్ళే చెప్తారు. రెండు వారాలు వరసగా నిద్ర, తిండి తగ్గినా, ఇష్టమైన ఆట కూడా వద్దన్నా ఊరుకోవద్దు. "నేనుండి ఏం లాభం" అనే మాట ఒక్కసారి విన్నా సరే, ఆ రోజే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైను అది. డబ్బులు పడవు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం నాలుగింటికి ఇద్దరు స్నేహితులతో 20 నిమిషాల ఫోన్, చదువు మాట ఎత్తకూడదు. పదిమందిని కలిపితే మావాడు వింటూ కూర్చునేవాడు, అందుకే ఇద్దరే. పులీ మేకా పటం గీసి 23 కూడళ్ళకీ నంబర్లు వేశాం. అవతల ఇంట్లోనూ అదే పటం. "పులి 4 నుంచి 9కి" అంటే ఇద్దరూ జరుపుతారు. 3 పులులకి శనగలు, 15 మేకలకి బియ్యపు గింజలు పెట్టారు, మేకలు ఎగిరిపోతున్నాయని తర్వాత కందిపప్పుకి మారారు.

ఇక కడుపుమంట. ఆన్‌లైన్ చదువు మీద కేంద్రం 2020 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో 8వ తరగతి దాకా రోజుకి రెండు క్లాసులకి మించొద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలేనని ఉంది. మావాడి బడిలో ఆ కాయితం చూపిస్తే, "అది కరోనాకి మేడం" అన్నారు. అంటే పిల్లోడి కళ్ళు, మెడ కరోనాకి ఒకరకం, కాలు విరిగితే ఇంకోరకమా? కెమెరా ఆపితే ఆబ్సెంట్ వేశారు. ఎక్కని బస్సుకి ఫీజు అడిగారు. తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకి ఇంటికొచ్చి చెప్పే టీచర్లు ఉన్నారు, వాళ్ళ కోసమే భవిత కేంద్రాలున్నాయి, మంచిదే. మూడు నెలలు మంచాన పడ్డ పిల్లోణ్ణి రిజిస్టర్లో ఏ గడిలో రాయాలో అడగడానికి మూడు ఆఫీసులు తిరిగాను, "రేపు రండి" తప్ప ఇంకో మాట వినలేదు. రెండు రూపాయల జిరాక్స్ కొట్టులో దొరికిన సమాధానం అక్కడ దొరకలేదు. సరే, ఇంకా రాస్తే బీపీ పెరుగుద్ది.

లెక్కల సారుకి నమస్కారం. బడి వాళ్ళు చెప్పకపోయినా 50 కవర్లకి పైగా దిద్దారు, ఒకసారి "ఏడో లెక్క కొత్త దారిలో చేశావే" అని రాశారు కూడా. సైకిల్ పిల్లోడికి, వాళ్ళమ్మకి.

అయ్యో, ఫిజియోథెరపీ అమ్మాయిని మర్చేపోయాను. మోకాలు వంచేటప్పుడు ఎక్కాలు చెప్పించేది. పదమూడో ఎక్కం వాడికి అట్టానే వచ్చింది. ఆటో అన్నకి కూడా, ప్రతి గుంటకీ ముందే "పట్టుకో అబ్బయ్యా" అని చెప్పినందుకు.

ఇంకా మేడమీద అద్దెకుంటున్న ఇంజినీరింగ్ బాబు, వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఇంకా మార్చినట్టు లేడు, ఇది కూడా దాన్లోనే పెడుతున్నా.