ఆదివారం డుబోయిస్ గురించి
అందరికీ నమస్తే. ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గేటు దగ్గర కలుద్దాం. ఈసారి అమెరికా సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ గురించి. 1895లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పొందిన తొలి నల్లజాతీయుడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఏడో వార్డులోనే కాపురం పెట్టి, ఇల్లిల్లూ తిరిగి వేలమంది వివరాలు రాసుకున్నారు. మనం బోరబండ సర్వేలో ఇరవై ఇళ్లకే చతికిలపడ్డాం, గుర్తుందిగా! నల్లవాళ్ల పేదరికానికి పనుల్లోకి రానివ్వని వివక్ష, బానిసత్వం మిగిల్చిన దెబ్బ, యూరప్ నుంచి వలసొచ్చిన తెల్లవాళ్లతో పోటీ కారణాలని లెక్కలతో చూపారు. ఇంత పని చేయించుకున్న పెన్సిల్వేనియా యూనివర్సిటీ మాత్రం ఆయన్ని క్లాసు చెప్పనివ్వలేదు. అదే నాకు మింగుడుపడదు. తర్వాత అట్లాంటాలో పాఠాలు చెప్పారు. 1961లో ఘనా వెళ్లి, 1963లో అక్కడే కన్నుమూశారు. బోరబండ వలస కూలీల నోట్సు తెండి. టీ డబ్బులు ఎవరివి వాళ్లే!